పోతా పోతా ఒక బండ

గురువారం వచ్చిందంటే మా వీధిలో తెలిసినవాళ్లెవరూ జానీబీ ఇంటి ముందు నుంచి నడిచేవాళ్లు కాదు, మసీదు సందులోంచి చుట్టు తిరిగి పోయేవాళ్లు. తెలియక పోయినవాళ్ల నెత్తిన దూది, భుజాన దుమ్ము పడేవి. ఒకసారి పోస్టుమాను మీద చాప కూడా పడింది. శుక్రవారానికి ఇల్లు తళతళలాడాలని ఆమె పట్టుదల. అందుకని గురువారం పొద్దున్నే కొంగు నడుముకు చెక్కి, ఇంట్లో ఉన్న సామానంతా వీధిలోకి ఈడ్చి, చీపురు పట్టుకొని లోపలికి దూరేది. చీపురును మా వైపు పరక అంటాం. పరక చేతిలో ఉన్నంతసేపు ఆమెను పలకరించే ధైర్యం మొగుడికి కూడా లేదు. ఆయన ఆ పూటకు టీ అంగడి దారి పట్టేవాడు.

నేను వాళ్ల పక్కింటిదాన్ని, పేరు భారతమ్మ. సింహాద్రిపురం దగ్గర సేద్యగాళ్ల ఇంట్లో పుట్టాను. జమ్మలమడుగు తాలూకా ఆఫీసులో గుమాస్తాకు ఇచ్చి చేశారు. కర్నూలు మనకు రాజధాని అయిన కొత్తల్లో కాపురానికి వచ్చాను. ఇల్లు సర్దడమంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు బరువే. ఎంత తుడిచినా రేపు మళ్లీ మాసిపోయేదానికి ఇంత ఆరాటం ఎందుకు అనిపించేది. అలాంటిదానికి గోడ అవతల జానీబీ దొరికింది. గురువారం నాడు మా ఇంటాయన ఒకసారి ఆ గోడ వైపు, ఒకసారి నా వైపు చూసి నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు విన్నప్పుడు మాత్రం జానీబీ మీద నాకు ఒళ్లు మండేది. తక్కిన వారమంతా ఆమె లేకుంటే నాకు పొద్దు పోయేది కాదు.

జానీబీ మొగుడు కమాల్ బాషా దూది ఏకేవాడు. ప్రొద్దుటూరు మిల్లుల నుంచి బస్తాలు తెప్పించి, దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి ఇచ్చేవాడు. ఇంటి ముందరి పడసాలే ఆయన పనిచోటు. అక్కడ దూలానికి ఒక పెద్ద విల్లు వేలాడుతూ ఉండేది. దాని తాడును దూదిలోకి ఆనించి కొయ్య గూటంతో కొడితే, టంగు టంగుమని మోగుతూ దూది విచ్చుకొని పైకి లేచేది. ఈ పని ఆరుబయట చేయడానికి లేదు. గాలి తగిలితే సరుకంతా వీధి పాలవుతుంది. ఆ పడసాల వెనక ఒకటే గది, దాని వెనక వంటకు చిన్న వసారా. మధ్య గదికి తలుపు లేదు, కిటికీ లేదు. మిద్దె పైకప్పుకు వెలుతురు దిగే గవాక్షి ఒకటి మాత్రం ఉండేది. ఇంకేముంది, పడసాలలో లేచిన దూది నేరుగా వచ్చి మధ్య గదిలో విశ్రాంతి తీసుకొనేది. గూట్లో దూది, దిండు మీద దూది, అన్నం గిన్నె మూత మీద దూది. నేల మీద పరిచిన నాపబండల సందుల్లో అయితే తెల్లగా గీతలు గీసినట్టు ఉండేది.

ఆ మధ్య గదిలోనే కమాల్ బాషా తల్లి మైమూన్ మంచం. ఆమె భర్త కూడా దూది ఏకినవాడే. కాబట్టి పెళ్లయి ఆ ఇంట్లో అడుగు పెట్టిన నాటి నుంచి ఆమె పీల్చింది ఆ గాలే. నేను చూసేనాటికి ఆమెకు ఉబ్బసం ముదిరింది. ఊపిరి ఆడనప్పుడు మంచం పట్టెలు రెండు చేతులతో పట్టుకొని, మెడ ముందుకు చాచి కూర్చొనేది. ఆ ఈల శబ్దం గోడ ఇవతల నాకు వినిపించేది. వినడానికే భయం వేసేది. అయినా నోరు మాత్రం తగ్గేది కాదు. ఊపిరి అందీ అందకనే కోడలిని తిట్టేది.

జానీబీకి తల్లి లేదు. చిన్నతనంలోనే పెళ్లి చేసి పంపేస్తే, వంట దగ్గర నుంచి తల దువ్వుకోవడం దాకా నేర్పింది ఈ అత్తే. వాళ్లిద్దరూ పొద్దున లేస్తే కీచులాడుకొనేవాళ్లు. కానీ అత్తకు పాలు కాచకుండా కోడలు నోట్లో నీళ్లు పోసుకొనేది కాదు. కోడలు నీళ్లకు పోయి ఆలస్యమైతే అత్త గడప దగ్గరకు వచ్చి నిలబడేది.

ముంగారు వానలకు ముందు ఆసుపత్రి డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఈ ముసలామె దూది ఎగిరే ఇంట్లో ఉంటే ఎక్కువ కాలం ఉండదు, ఎక్కడికైనా మార్చండి అన్నాడు. మార్చడానికి ఒకటే చోటు ఉంది. మైమూన్ పెద్ద కూతురు అఖ్తర్ బీ పులివెందులలో కాపురం ఉండేది. కబురు అందగానే వచ్చింది. ఆమె మొగుడు షంషుద్దీన్‌కు గాజుల వ్యాపారం. శ్రావణ శనివారాల్లో గండిలో ఆంజనేయస్వామి తిరునాళ్లకు అంగడి పెట్టేవాడు. అది ముగిసేదాకా వాళ్లకు ఊపిరి సలపదు.

"శ్రావణం అయిపోతానే వచ్చి అమ్మను తీసకపోతా" అని అఖ్తర్ బీ తమ్ముడితో అంది. జానీబీ వైపు చూడకుండానే, "ఈ ఇంట్లో ఎంత ఊడిస్తే ఏం లాభం" అని కూడా అంది.

ఆమె మనసులో చెడ్డ ఏమీ లేదు. తల్లి ప్రాణం కోసమే ఆ మాట. కానీ ఆ మాటతో జానీబీ మొహం నల్లబడిపోయింది. అత్తను సరిగ్గా చూసుకోలేక కూతురి దగ్గరకు పంపేసిందని రేపు ఊరంతా అనుకుంటుంది. ఊరి సంగతి అటుంచినా, ఆ మంచం ఖాళీగా ఉంటే తను ఎవరితో కీచులాడాలి.

మైమూన్ కూతురి ముందు ఏమీ అనలేదు. ఆ సాయంత్రం నేను మజ్జిగ ఇవ్వడానికి పోతే నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"అఖ్తర్ బాగనే చూసుకుంటాది మే. అల్లుడు కూడా మంచోడే. కానీ అల్లుని ఇంట్లో నా ప్రాణం పోతే ఎట్ల చెప్పు. నా పెండ్లి అయినప్పటి నుంచి ఈ టంగు టంగు ఇంటాండా. అది ఇనపడకుంటే నాకు కూడు దిగదు. నన్ను ఈడనే ఉండనీయమని నువ్వన్నా చెప్పరాదా?"

నా మాట చెల్లదన్నాను. డాక్టరు మాట అది. ఆమె కళ్లు తుడుచుకొని, మజ్జిగ పుల్లగా ఉందని నన్ను నాలుగు తిట్టి పంపింది.

అత్తను నిలుపుకోవాలంటే ఇంట్లో ఒక్క పోచ దూది కూడా ఉండకూడదని జానీబీ తీర్మానించుకుంది. ఆమెకు తెలిసిన ఉపాయం ఒకటే. వారానికి ఒక్క గురువారం చాలదని, ప్రతి రోజునూ గురువారం చేసింది. పొద్దున ఊడ్చేది, మధ్యాహ్నం ఊడ్చేది, దీపం పెట్టే వేళకు మళ్లీ ఊడ్చేది. గోడలు దులిపేది, గూళ్లు దులిపేది, పరుపు ఎత్తి వాకిట్లో కర్రతో బాదేది. ఆ చప్పుళ్లకు మా ఇంట్లో పిల్లి కూడా లేచిపోయింది. ఆమె చిక్కిపోయింది, చిరచిరలాడేది. కమాల్ బాషా టీ అంగడికి వారం పొడుగునా వాడకందారు అయ్యాడు. మైమూన్ ఉబ్బసం తగ్గకపోగా ఎక్కువైంది. సాయంత్రమైతే చాలు, ఈల మొదలయ్యేది. జానీబీ ఆ ఈల విని, ఇంకా ఎక్కడో దూది మిగిలిపోయిందని మళ్లీ పరక అందుకొనేది.

ఇలా ఉండగా ఆమెకు జ్వరం తగిలింది. మామూలు జ్వరం కాదు, మనిషి లేవలేనంత. అత్త మంచం పక్కనే చాప వేసుకొని పడింది. నేను రెండు పూటలా అన్నం వండి పంపాను, నీళ్లు పట్టి పెట్టాను. ఊడ్చి పొమ్మని ఆమె మూలిగేది కానీ, నేను విననట్టు నటించి వచ్చేసేదాన్ని. నా ఇల్లు ఊడ్చుకోవడానికే నాకు ఓపిక లేదు, ఇంకొకరి ఇల్లు ఎక్కడ ఊడుస్తాను. నా సోమరితనం ఒకరికి మేలు చేసింది నాకు తెలిసి ఆ ఒక్కసారే.

ఎందుకంటే ఆ రోజుల్లో మైమూన్ తేరుకుంది. ముందు సాయంత్రాల ఈల తగ్గింది. తర్వాత గోడకు ఆనుకోకుండా కూర్చుంది. ఒకనాడు నేను పోయేసరికి కోడలి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, "కూడు తిను మే, ముండమోపి జ్వరం అదే పోతాది" అని గట్టిగా గదమాయిస్తోంది. అంత పొడుగు మాట ఊపిరి పట్టకుండా ఆమె నోటి నుంచి రావడం నేను విని శానా రోజులైంది. పడసాలలో విల్లు మోగుతూనే ఉంది. బండల మీద దూది మెత్తగా పేరుకొనే ఉంది. మా అందరికీ అది అల్లా దయ అనిపించింది, మా ఆంజనేయస్వామికి కూడా నేనొక దండం పెట్టాను.

జ్వరం విడిచి లేచిన రోజున జానీబీ చేసిన మొదటి పని ఏమిటో వేరే చెప్పాలా. ఇల్లు పెంటకుప్ప అయిందని మొత్తుకుంటూ పరక తీసుకుంది. నీరసానికి నాలుగు బండలు ఊడ్చి, ఆయాసం వచ్చి గోడకు చేరబడింది. అప్పుడు మిట్టమధ్యాహ్నం. గవాక్షిలోంచి ఎండ గదిలోకి నిలువుగా దిగుతోంది. ఆ వెలుగులో దూది పోగులు, పిప్పి, దుమ్ము సుడులు తిరుగుతూ పైకి పోతున్నాయి. ఆమె ఊడవడం ఆపినా అవి దిగడం లేదు. ఎంతసేపటికీ దిగలేదు. ఆమె వాటిని చూస్తూ ఉండగానే, మంచం మీద అత్త దగ్గడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రానికి ఈల మళ్లీ వచ్చింది.

మరునాడు పొద్దున్నే జానీబీ మా ఇంటికి వచ్చింది. చేతిలో పరక ఉంది. వసారాలో కూలబడి, దాన్ని నా ముందు పెట్టింది.

"భారతీ, మా అత్తను నేనే చంపుతాండానే" అంది.

"ఏందక్కా ఆ మాట" అన్నాను.

"నిజమే చెప్తాండా. దూది కిందుంటే ఆమెను ఏం చేయడంలే. నేను ఊడ్చి లేపినంకనే ముక్కులోకి పోతాండాది. నేను పడుకుంటే మా అత్త లేచి కూచునింది, నేను లేస్తే ఆమె పడుకునింది. ఇన్నేండ్లు ఇల్లు ఊడ్చినానని ఎంత గొప్పగా చెప్పుకుంటి."

ఆమె వలవలా ఏడ్చింది. ఆమెకు గర్వం అంటూ ఉన్నది ఆ ఒక్కదాని మీదే. నగలు లేవు, చదువు లేదు, పిల్లలు లేరు. జానీబీ ఇల్లు చూడండి అని ఊళ్లో ఆడవాళ్లు అనుకొనే మాటే ఆమె ఆస్తి. అది కూడా ఇప్పుడు చేతిలోంచి జారిపోయింది. కాఫీ ఇచ్చాను. తాగింది. తాగుతూ తాగుతూ కళ్లు మా ఇంటి నేల మీదకు పోయాయి.

"మీ ఇల్లు శానా గలీజుగా ఉండాది" అంది. అప్పటికి ఆమె కొంచెం కుదుటపడిందని నాకు అర్థమైంది.

అప్పటికి శ్రావణం మొదలైంది. ఆ రోజు నుంచి మధ్య గదిలోకి పరక పోలేదు. పడసాల ఊడ్చినా ముందు నీళ్లు చిలకరించి, దూది బండకు అంటుకున్నాక నెమ్మదిగా లాగేది. మధ్య గదికి తడిగుడ్డే. అయితే గది మొత్తం వంగి తుడవాలంటే జ్వరం పడి లేచిన నడుము ఒప్పుకోదు. అందుకని వసారా గుంజకు ఒక తడిగుడ్డ వేలాడదీసి, ఆ గదిలోంచి పడసాలకు పోయేటప్పుడు ఒక బండ తుడిచేది, వచ్చేటప్పుడు ఇంకో బండ. పొయ్యి మీద ఎసరు కాగేలోపు ఒక గూడు. అత్తకు పాలు ఇచ్చి వెనక్కు తిరిగేలోపు మంచం కోళ్లు. ఒక్కసారి కూడా పని అనిపించేంత సేపు చేసేది కాదు. పొద్దు కుంకేసరికి గదంతా తుడిచినట్టే ఉండేది. నేను అడిగితే, "ఎట్లన్నా ఆ దోవలోనే పోతాండా గదా, పోతా పోతా ఒక బండ" అని నవ్వేసింది.

పడసాలకూ గదికీ మధ్య వాకిలికి పాత గోనెపట్టా తడిపి వేలాడదీసింది. బస్తాలోంచి దూది తీసుకోగానే మూతి కట్టేయాలని మొగుడికి చెప్పింది. అంతవరకూ ఆయన ఒప్పుకున్నాడు. పని చొక్కా, లుంగీ పడసాలలోనే మేకుకు తగిలించి, తల, ఒళ్లు తడి తువ్వాలుతో తుడుచుకొని లోపలికి రావాలన్నప్పుడు మాత్రం మొరాయించాడు.

"నా ఇంట్లోకి నేను పోవాలంటే పెండ్లికొడుకు మాదిరి తయారు కావాల్నా?" అన్నాడు.

"కావాల. నీ గడ్డంలోనే అరకిలో దూది ఉండాది. అది అత్త మీద పడేదానికంటే వాకిట్లో పడేది మేలు."

ఆయన గొణుగుతూనే తుడుచుకున్నాడు. నాలుగు రోజులకు అలవాటైంది. ఇంకో నాలుగు రోజులకు, ఒళ్లు చల్లగా ఉంది, రాత్రి నిద్ర బాగా పడుతోంది అని తానే కనిపెట్టినట్టు నా మొగుడికి చెప్పాడు.

అసలు పేచీ గిన్నెల దగ్గర వచ్చింది. మధ్య గదిలో గోడ పొడుగునా చెక్క మీద మైమూన్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి సామాను వరసగా పేర్చి ఉండేది. బిందెలు, తపేలాలు, తట్టలు. ఎవరూ వాడేది లేదు. ఒక్కోదాని వెనకా గుప్పెడు దూది. వాటిని ట్రంకులో పెడతానని జానీబీ అంది.

"నా సామాను ముట్టుకుంటే ఊరుకోను. ఇంటికొచ్చినోళ్లు ఏం చూస్తారు మే?"

"నిన్ను చూస్తారు అత్తా. నువ్వు ఈడుంటేనే గదా చూసేది."

మైమూన్ ఆ పూటంతా గోడ వైపు తిరిగి కూర్చుంది. మరుసటి రోజు మంచం మీద కూర్చొని, ఒక్కో గిన్నె చేతికి ఇప్పించుకొని, అది ఎవరు పెట్టిందో, ఎప్పుడు పెట్టిందో చెబుతూ తానే తుడిచి ట్రంకులోకి అందించింది. ఒక చెంబు మాత్రం ఉంచుకుంది, నీళ్లు తాగడానికి. ఇన్నేళ్లలో ఆ ఇత్తడి చెంబుతో ఆమె నీళ్లు తాగడం అదే మొదలు.

గదిలో సామాను తగ్గింది, అరుపులు తగ్గాయి. గురువారం వచ్చినా, వీధిలో చాపలు పడలేదు. కమాల్ బాషా టీ అంగడి మాని ఇంట్లోనే టీ తాగడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం వేళ జానీబీకి తీరిక దొరికింది. ఆమె తీరికగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. అత్త పక్కన కాళ్లు చాపుకొని కూర్చొని, ఇద్దరూ వక్కలు నములుతూ వీధిలో వాళ్లందరి బాగోగులు చెప్పుకొనేవాళ్లు. నా బాగోగులు కూడా చెప్పుకొనేవాళ్లని నాకు తెలుసు. మైమూన్ ఉబ్బసం పూర్తిగా పోలేదు. మబ్బు పట్టినప్పుడు కొంచెం ఆయాసం వచ్చేది. కానీ మంచం పట్టెలు పట్టుకొని మెడ చాచే అవస్థ పోయింది. మా ఇంట్లో కూడా వసారా గుంజకు ఒక తడిగుడ్డ వచ్చింది. మా ఇంటాయన నిట్టూర్పులు కొంత తగ్గాయి.

శ్రావణం అయిపోగానే అఖ్తర్ బీ వచ్చింది. తల్లి బట్టలు పెట్టుకోవడానికి ఖాళీ సంచి కూడా తెచ్చుకుంది. తల్లి కులాసాగా ఉందని జానీబీ చెప్పినా నమ్మలేదు.

"నాలుగు దినాలు బాగుంటాది, మళ్లా వస్తాది. నేను మాట ఇచ్చినాక తీసకపోకుంటే ఆయన ఏమనుకుంటాడు? రేపు మధ్యాన్నం బస్సుకు పోదాం" అంది.

కూతురి మాట మైమూన్ ఎప్పుడూ తీసేయలేదు. కూతురికీ కోడలికీ తేడా వచ్చిన ప్రతిసారీ కూతురి వైపే మాట్లాడింది. జానీబీకి ఆ సంగతి బాగా తెలుసు. ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "ఇంక అయిపోయింది భారతీ" అని మాత్రం అంది.

తెల్లవారి నేను తోడుకు మజ్జిగ అడగడానికి వాళ్లింటికి పోయాను. జానీబీ నీళ్లకు పోయింది. అఖ్తర్ బీ అప్పటికే లేచి, పోయే ముందు పుట్టింటికి ఒక పని చేసిపెడదామనుకుందేమో, పడసాల మూల నుంచి పరక తెచ్చి మధ్య గది ఊడుస్తోంది. మంచం కిందకు, ట్రంకు వెనక్కు, పట్టుగా, చురుగ్గా. జానీబీ ఊడ్చినట్టే ఊడ్చింది. బిందె చంకన పెట్టుకొని వాకిట్లోకి వచ్చిన జానీబీ అక్కడే ఆగిపోయింది. పెద్ద ఆడబిడ్డ, పుట్టినింటికి వచ్చిన మనిషి, మంచి మనసుతో పరక పట్టుకుంది. ఆపమని కోడలు ఎలా చెబుతుంది. ఆ ఒక్క మాట చాలు, జన్మంతా మనస్పర్థలు. చెప్పకపోతే అత్తకు ఇక్కడే దగ్గు మొదలవుతుంది, అది చూశాక మధ్యాహ్నం బస్సుకే ప్రయాణం ఖాయం.

అప్పుడు మైమూన్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని మంచం దిగింది. ఎవరి ఆసరా లేకుండా నడిచి వచ్చి, కూతురి చేతిలో పరక పట్టుకుంది.

"ఇట్లియ్యి పాపా."

"ఎందుకుమా, ఊడుస్తాండా గదా. నువ్వు పోయేటప్పుడు ఇల్లు శుభ్రంగా ఉండాల."

"నేను యాడికీ పోను. ఈ ఇంట్లో ఏది ఎట్ల చేయాల్నో నా కోడలు ఒక పద్ధతి పెట్టినాది, అట్లనే జరగాల. పరక ఆడ పెట్టు."

అఖ్తర్ బీ మొహం చిన్నబోయింది. "నేను ఈ ఇంట్లో పుట్టినదాన్ని మా" అంది.

"పుట్టినావు. నిన్ను కనింది నేనే. కానీ నన్ను బతికించింది ఆమె."

అఖ్తర్ బీ పరకను మూలన పెట్టేసింది. తర్వాత చంకలో బిందె చంకలోనే ఉండగా జానీబీ గోడకు ఆనుకొని ఏడ్చింది. పక్కన నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది. మైమూన్ మంచం మీదకు పోయి కూర్చుంటూ, "ఏడిస్తే ఏడుద్దువు గానీ ముందు బిందె దించు మే, నీళ్లన్నీ ఒలికిపోతాండాయి" అంది.

మధ్యాహ్నం ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సుకు అఖ్తర్ బీ ఒక్కతే బయలుదేరింది.